ఏది ఎటు పోయింది

ఆయన పోయిన మూడోరోజున కాలేజీ పాత విద్యార్థులు సంతాప సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో పద్నాలుగేళ్ళు ఒకే బల్లకు ఇటు నేనూ అటు ఆయనా కూర్చున్నాం కాబట్టి, ఆయన గురించి నాకంటే ఎవరికి తెలుస్తుందన్నారు. నిజమే. మైకు ముందు నిలబడి ఆయన క్రమశిక్షణ గురించీ నిరాడంబరత గురించీ నాలుగు ముక్కలు చెప్పి, ఫొటోకు దండ వేసి ఇంటికొచ్చాను. సంతాప సభల్లో చెప్పే మాటలు ఎవరికైనా సరిపోతాయి, పేరు మారిస్తే చాలు. అక్కడ చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను.

ఆయనకు చేతికందిన ప్రతిదాన్నీ ఎత్తి చూసే అలవాటుండేది. గుమ్మడికాయ, పిల్లల పుస్తకాల సంచి, పక్కింటివాళ్ళ చంటిబిడ్డ, ఏదైనా సరే. రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి బరువు చెప్పేవారు. చాలాసార్లు సరిపోయేది. ఆదివారం సంతలో దోసకాయలమ్మే ఆవిడ ఆయన దూరంగా కనపడగానే, "సారొచ్చాడమ్మే, తక్కెడ సరిగ్గా పట్టుకో" అని పక్కామెను హెచ్చరించేది. చంటిబిడ్డల్ని అలా ఎత్తితే దిష్టి తగులుతుందని మా వీధి ఆడవాళ్ళకు ఆయనంటే గిట్టేది కాదు.

ఆయనలో నాకు మొదట్లో గిట్టనిది ఇంకొకటి. ఎక్కడైనా రెండు బండ్లు గుద్దుకున్నాయని ఎవరైనా చెబితే, మనమంతా ముందు "ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అంటాం. ఆయన మాత్రం, "ఏది ఎటు పోయింది?" అనేవారు. దెబ్బలు తగిలిన వాళ్ళ సంగతి తర్వాత. అటెండర్ తమ్ముడు సైకిల్ మీద వెళ్తూ ఎద్దులబండికి గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నప్పుడు కూడా అదే అడిగారు. అటెండర్ మొహం మాడ్చుకుని బయటికి పోయాడు. "ఆ మాట ముందు అడగాలా సార్?" అన్నాన్నేను. "దెబ్బలు రేపు కూడా చెప్తాయయ్యా. బండ్లు ఎటు పోయినయ్యో ఇయ్యాళే చెప్పుకోవాల. రేపటికి అందరూ కలిసి ఇంకో కథ అల్లుతారు" అన్నారు.

మా పల్నాడులో ఆ కథ అల్లాల్సిన పని కూడా లేదు, తయారుగానే ఉంటుంది. రెండు బండ్లు గుద్దుకుంటే పెద్ద బండిదే తప్పు. సైకిలూ మోటార్‌సైకిలూ అయితే మోటార్‌సైకిల్‌ది. కారూ లారీ అయితే లారీది. ఇది ఏ చట్టంలోనూ లేదు, అయినా దీన్ని కాదన్నవాడు లేడు. గుమిగూడిన జనం ముందు పెద్ద బండి డ్రైవర్‌ని కిందికి దింపి నాలుగు తగిలించి, ఆ తర్వాత ఏం జరిగిందని అడుగుతారు. ఆయనకు ఇది ఒళ్ళుమంట. "బరువును చూస్తారేగాని వేగాన్ని చూడరేందిరా. రెండూ కలిస్తేగదా దెబ్బ" అని క్లాసులో అరిచేవారు.

గుద్దుకునే ముందూ తర్వాతా బరువూ వేగాల లబ్ధం మొత్తం మారదనే ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఆయన చెప్పినట్టు ఎవరూ చెప్పలేరని మా కాలేజీలో పేరు. పలకలకు చక్రాలు వేయించి రెండు తోపుడు చెక్కలు చేయించారు. క్లాసులో అందరికంటే లావుపాటి వాణ్ణి ఒకదాని మీద, బక్కవాణ్ణి ఒకదాని మీద కూర్చోబెట్టి ఒకరినొకరు నెట్టుకోమనేవారు. లావువాడు బెత్తెడు కదిలితే బక్కవాడు గోడ దాకా పోయేవాడు. పిల్లలు ఈలలు వేస్తుంటే ఈయన వరండా దాకా వినపడేట్టు, "పోయింది ఎక్కడికీ పోదురా. పక్కోడికి పోద్ది" అనేవారు. ఆ తర్వాతే పుస్తకం తెరిచేది. నియమం అప్పజెప్పేటప్పుడు "బాహ్యబలం పనిచేయనప్పుడు" అన్న మాట ఎవడు మింగేసినా ఊరుకునేవారు కాదు. మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పించేవారు. ఆ ఒక్క మాట కోసం నా ముందే ఒక పిల్లవాడిచేత పదకొండుసార్లు చెప్పించారు.

మంచివాడని అనను. మెచ్చుకోవడం చేతకాదు. సాటి లెక్చరర్ కొడుకు ప్రాక్టికల్స్‌లో లోలకం ఊపకుండానే రీడింగులు రాశాడని సున్నా వేసి, ఆ లెక్చరర్‌తో మాటలు పోగొట్టుకున్నారు. తిరునాళ్ళలో ఎడ్లు బండ లాగే పందేలకు వెళ్ళి, ఎడ్ల వైపు చూడకుండా బండ వైపే చూసేవారు. ఎడ్లు ఆగాక బండ ఎంత జరిగిందో అడుగులేసి కొలుస్తుంటే, ఎడ్లవాళ్ళు ఈయనెవరో అవతలి పార్టీ మనిషనుకుని ఒకసారి కొట్టబోయారు. బస్సులో సీటున్నా నిలబడేవారు. డ్రైవర్ బ్రేకు మీద కాలెయ్యకముందే పైన కమ్మీ పట్టుకునేవారు. మిగతా అందరం ముందుకు తూలి ఒకరిమీద ఒకరు పడుతుంటే ఈయనొక్కరే నిటారుగా నిలబడి ఉండేవారు. అప్పుడు ఆయన మొహంలో కనిపించే తృప్తి చూస్తే నాకు మండేది.

ఇక అసలు సంగతి.

ఎనభైల నడిమధ్య ఒక మే నెల. మధ్యాహ్నం మూడింటప్పుడు మా ఊరి పొలిమేరలో, మాచర్ల వెళ్ళే రోడ్డు మీద, ఒక ట్రాక్టరూ ఒక జీపూ గుద్దుకున్నాయి. ట్రాక్టర్ నడుపుతున్నది మస్తాన్. బస్టాండు వెనక ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు అతనిది. ఇంజను విప్పి బిగించిన బండిని, తొట్టి లేకుండా, పొగ ఎలా వస్తోందో చూద్దామని మెల్లగా తిప్పుకుని వస్తున్నాడు. జీపు మా కాలేజీ కమిటీ ప్రెసిడెంటుగారిది. నడుపుతున్నది ఆయన కొడుకు. వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడ్డ వాళ్ళ జీతగాడు ఎగిరి రోడ్డు మీద పడి అక్కడికక్కడే పోయాడు. మస్తాన్‌కు పక్కటెముకలు రెండు విరిగాయి. జీపు నడిపిన అబ్బాయికి పెదవి చిట్లింది.

సెలవుల్లో లేబొరేటరీ సామాను లెక్కచూస్తున్న మా దగ్గరికి వచ్చి కబురు చెప్పిన అటెండర్‌ని ఆయన అడిగింది మామూలుగా అడిగేదే. "ట్రాక్టర్ ఎనక్కి పోయింది సార్" అన్నాడు అటెండర్. ఆయన లేచి లేబొరేటరీలోంచి టేపు తీసుకుని, "రావయ్యా" అన్నారు నాతో. ఎండలో నడుచుకుంటూ వెళ్ళాం. బండ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, ఒకదాని మూతిలో ఒకటి ఇరుక్కుని. ట్రాక్టర్ వెనక టైర్లు తారు మీద వెనక్కి గీసుకుంటూ పోయిన జాడలు నల్లగా కనపడుతున్నాయి. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ఆయన. పన్నెండడుగులు. ఆయన రెండుసార్లు కొలిచారు. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని నేను గొణిగితే, మూడోసారి కూడా కొలిచారు.

ఆ సాయంత్రం ప్రెసిడెంటుగారి రైసుమిల్లులో పెద్దమనుషులు కూర్చున్నారు. చనిపోయినవాడి భార్యను పిలిపించారు. మస్తాన్‌ని కట్టుకట్టిన ఛాతీతో ఆస్పత్రి నుంచి తీసుకొచ్చారు. మా ప్రాంతంలో ఒక మర్యాద ఉంది. ఒక ప్రాణం పోయినప్పుడు, ఆ బండ్లలో ఏది నడిపినవాడైనా సరే, పోయినవాడి ఇంటివాళ్ళ ముందు నిలబడి తప్పయిందని అనాలి. ఎవరిది తప్పన్నది తర్వాత మాట. అనకపోతే మనిషి కాడంటారు. మస్తాన్ మనిషి. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పయింది అక్కా, నన్ను చమించు" అని ఏడ్చాడు. జీపు నడిపిన అబ్బాయి అక్కడికి రాలేదు, పెదవికి కుట్లు పడ్డాయట. నలుగురు పెద్దమనుషులు విన్నారు. ఆ నలుగురే తర్వాత కోర్టులో, మస్తాన్ మా ముందే తప్పు ఒప్పుకున్నాడని చెప్పారు. అబద్ధం కాదు కూడా.

పోలీసులు రాసిన కేసు ఏమిటంటే, రోడ్డు పక్కన ఆగి ఉన్న జీపును ట్రాక్టర్ అతివేగంగా వచ్చి గుద్దిందని. రోడ్డు మీద చూసినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ ప్రెసిడెంటుగారి పొలాలు కౌలుకు చేసేవాళ్ళే. చూడలేదన్నారు. ఇక మస్తాన్‌కు మిగిలింది మా పన్నెండడుగులు ఒక్కటే. కేసు తేలేదాకా షెడ్డు మూత. ఇంట్లో భార్య, ఎనిమిదో తరగతి చదివే కూతురు.

ఆయన రెండు రాత్రులు కూర్చుని లెక్క కట్టారు. ట్రాక్టర్ పద్దెనిమిది క్వింటాళ్ళు, జీపు మనుషులతో కలిపి పదమూడు. ఆగి ఉన్న జీపును ట్రాక్టర్ గుద్దితే రెండూ కలిసి ట్రాక్టర్ పోతున్న దిక్కుకే పోవాలి. ఇక్కడ రెండూ కలిసి ఎదురువైపు పన్నెండడుగులు పోయాయి. ట్రాక్టర్ కదలకుండా ఉందనుకున్నా సరే, దాన్ని అంత దూరం నెట్టాలంటే జీపు గంటకు యాభై కిలోమీటర్లకు తగ్గకుండా రావాలి. ట్రాక్టర్ ఎంతోకొంత ఎదురు వస్తోంది కాబట్టి జీపు వేగం డెబ్బై పైమాటే. "ఇందులో నా మాట ఒక్కటి కూడా లేదు. రోడ్డు చెప్పింది రాశాను" అన్నారు కాగితం నాకిచ్చి. కింద సంతకం పెట్టారు. నన్ను కూడా పెట్టమన్నారు. పెట్టాను. మస్తాన్ తరఫు ప్లీడరు మా ఇద్దర్నీ సాక్షులుగా వేశాడు.

అప్పటికి నాది టెంపరరీ పోస్టు. ఏటేటా జూన్‌లో కమిటీ మళ్ళీ తీసుకుంటే ఉద్యోగం, లేకపోతే లేదు. ఒకరోజు పొద్దున ప్రెసిడెంటుగారు కబురు పంపారు. వెళ్ళాను. కాఫీ ఇప్పించారు. బెదిరించారని చెప్పుకుంటే నాకు కొంచెం గౌరవంగా ఉంటుంది కానీ, ఆయన బెదిరించలేదు.

"మేష్టారూ, మీరు అబద్ధం చెప్పొద్దు. మీ పుస్తకంలో ఉన్నదే చెప్పండి. ఆ లెక్కలో ఏదన్నా సందుంటే మా ప్లీడరుగారికి అర్థమయ్యేట్టు చెప్పండి, చాలు. మీ పోస్టు సంగతి కూడా ఈ ఏడు చూద్దాం" అన్నారు. ప్లీడరుగారు అక్కడే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో కాగితాలతో.

సందుంది. క్లాసులో ఆయన పదకొండుసార్లు చెప్పించిన మాటే ఆ సందు. బాహ్యబలం లేనప్పుడే ఆ నియమం. రోడ్డు మీద టైర్లకు ఘర్షణ ఉంటుంది, అది బాహ్యబలమే. గుద్దుకునే క్షణం ఎంత చిన్నదంటే, ఆ కాస్త సేపట్లో ఘర్షణ చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే గుద్దుకునే ఆ క్షణానికి నియమం నిక్షేపంగా పనికొస్తుంది. ఇది ఇంటర్ పిల్లలకు కూడా చెప్తాం. నేను ఆ రోజు ప్లీడరుకు మొదటి సగం చెప్పాను. రెండో సగం చెప్పకుండా కాఫీ తాగి వచ్చాను.

మరుసటి ఏడు నవంబరులో కేసు విచారణకొచ్చింది, కోర్టులో ముందు ఆయన్ని పిలిచారు. ప్రెసిడెంటుగారి ప్లీడరు అడిగాడు, ఘర్షణ ఉంది కదా అని. "ఉంది. గుద్దుకోవడం చిటికేసేంత సేపు కూడా కాదు. ఆ చిటికెలో రోడ్డేం చేసిద్ది? రోడ్డు పని అంతా గుద్దుకున్నాక. అందుకేగదా పన్నెండడుగుల్లో ఆగింది, లేకపోతే మాచర్ల దాకా పోయేవి" అన్నారు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మెజిస్ట్రేటు కూడా తల వంచుకుని ఏదో రాసుకున్నాడు. మస్తాన్ బోనులోంచి ఆయన వైపు చూస్తున్నాడు. ఆ చూపులో కొంచెం ఆశ ఉంది. అది నేను చూశాను.

తర్వాత నన్ను పిలిచారు.

"బాహ్యబలం ఉంటే ఈ నియమం వర్తిస్తుందా?"

"వర్తించదు."

"రోడ్డు మీద ఘర్షణ ఉంటుందా?"

"ఉంటుంది."

"అంటే రోడ్డు మీద జరిగినదానికి ఈ నియమం వర్తించదు. అంతేనా?"

మస్తాన్ ప్లీడరు లేచి ఏదో అడ్డం చెప్పబోయాడు. అతనికి ఫిజిక్స్ రాదు. ఎక్కడ అడ్డం చెప్పాలో తెలియలేదు. నేను ఆయన వైపు చూడకుండా, "అంతే" అన్నాను.

ఇద్దరు లెక్చరర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు కాబట్టి ఆ లెక్కను పక్కన పెట్టారు. నలుగురు పెద్దమనుషుల మాట మిగిలింది. మస్తాన్‌కు ఏడాది శిక్ష పడింది.

సాక్ష్యం చెప్పిన రోజు ఆయనా నేనూ ఒకే బస్సులో తిరిగొచ్చాం. ఇంకో బస్సు లేదు మరి. మామూలుగానే నాకూ కలిపి టికెట్టు తీసుకున్నారు. కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.  ఊరు దగ్గరపడ్డాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "ప్రశ్న చానా బాగుంది. ఆ ప్లీడరుకు అంత ఫిజిక్స్ రాదయ్యా" అన్నారు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను కూడా ఏదో అనేవాణ్ణి. నా పెళ్ళాం కడుపుతో ఉందనో, నా చెల్లెళ్ళ చదువులనో ఏదో ఒకటి అప్పజెప్పేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. నేను ఆయన్ని ఇన్నేళ్ళూ మనసులో క్షమించనిది అందుకే. తప్పు చేసినవాణ్ణి నేనైతే, క్షమించనిది కూడా నేనే. మనిషి బుద్ధి ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత వచ్చిన జూన్‌లో నా పోస్టు పర్మనెంటయింది. స్టాఫ్‌రూములో మిఠాయి పంచాను. ఆయన లడ్డు అందుకుని, అరచేతిలో రెండుసార్లు ఆడించి, తిన్నారు.

ఆ మరుసటి ఏడు. జూన్ చివర, ఇంటర్ మొదటి సంవత్సరం క్లాసులు మొదలైన వారానికి, ఆయన బల్ల అటువైపు నుంచి సిలబస్ కాగితం నా వైపు జరిపారు. "ఈ ఏడు ద్రవ్యవేగం నువ్వు చెప్పు" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఇంకొకరిని ముట్టుకోనివ్వని పాఠం అది.

"మీరుండగా నేనెందుకు సార్?"

"నువ్వే చెప్పాల."

హాజరు పట్టీ తెరిస్తే అర్థమైంది. మస్తాన్ కూతురు ఎంపీసీలో చేరింది. చేర్పించింది ఆయనే. మస్తాన్ జైల్లో ఉన్నంతకాలం ఆ అమ్మాయికి ఇంటి దగ్గర లెక్కలు చెప్పింది కూడా ఆయనేనని తర్వాత తెలిసింది.

పాఠం రోజున ఆయన వచ్చి చివరి బెంచీలో, పిల్లల పక్కన కూర్చున్నారు. నేను తోపుడు చెక్కలు తెప్పించలేదు. నేరుగా బోర్డు మీద నియమం రాశాను, "బాహ్యబలం పనిచేయనప్పుడు"తో సహా. సూత్రం రాబట్టాను. గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది. రెండో బెంచీలో ఆ అమ్మాయి లేచి నిలబడింది. సన్నగా, తలమీద తెల్ల ఓణీ కప్పుకుని ఉంది. గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"సార్, రోడ్డు మీద ఘర్షణ ఉంటదిగా. మరి బండ్లు గుద్దుకుంటే ఈ నియమం పనిచెయ్యదా సార్?"

సిలబస్‌లో లేదని కూర్చోబెట్టవచ్చు. ఆయన చివరి బెంచీ నుంచి నన్నే చూస్తున్నారు. ఎనభై మంది పిల్లలున్నారు, తప్పు చెబితే పరీక్షలో అదే రాస్తారు.

"పనిచేస్తుంది" అన్నాను. "గుద్దుకునే క్షణం చాలా చిన్నది. ఆ క్షణంలో ఘర్షణ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు."

"అయితే ఆగి ఉన్న జీపు, ఎదురొచ్చే ట్రాక్టర్‌ని ఎనక్కి నెట్టగలదా సార్?"

"నెట్టలేదు."

"ఎనక్కి పోయిందంటే?"

"జీపే వేగంగా వచ్చి గుద్దినట్టు."

ఆ అమ్మాయి కూర్చుని నోట్సు తెరిచింది. "ఇంకోసారి మెల్లగా చెప్పండి సార్. రాసుకుంటా" అంది.

మెల్లగా, డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో మాటా ఆపి ఆపి మొత్తం చెప్పాను. ముఖ్యమైన ప్రశ్న కాబోలనుకుని ఎనభై మందీ రాసుకున్నారు. ఆయన లేచి వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. మస్తాన్ అప్పటికే శిక్ష మొత్తం పూర్తిచేసుకుని ఇంటికొచ్చి ఏడు నెలలైంది.